మా లాప్‌టాప్‌కి పడని కార్డు

లాప్‌టాప్ ఆన్ చేసి, టీ కాచుకుని, పిల్లాడికి పాలిచ్చి వచ్చినా తెర మీద ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. నా పెళ్ళికి ముందు కొన్నది, లోపల పాత హార్డ్ డిస్కు. దాని మీద నాకు ఎప్పుడూ చిరాకే. కానీ ఆ ఆదివారం వచ్చినంత కోపం మళ్ళీ దేని మీదా రాలేదు.

సంగతేమిటంటే, పిల్లాడు పుట్టకముందు నేను అనకాపల్లి నుంచి విశాఖకి రోజూ రైల్లో వెళ్ళి ఉద్యోగం చేసేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు కూడా చాలాసార్లు తలుపు దగ్గర నిలబడే వెళ్ళాను. పురుడయ్యాక మానేశాను. ఇన్నాళ్ళకి ఇంట్లోంచే చేసుకునే పని ఒకటి దొరికింది. ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. ఇక సోమవారం ఉదయం వాళ్ళు వీడియో కాల్‌లో నా లాప్‌టాప్ చూస్తారట. అందులో ఎస్‌ఎస్‌డీ ఉండాలి, వాళ్ళ సాఫ్ట్‌వేర్ చకచకా తెరుచుకోవాలి. లేకపోతే ఆ ఉద్యోగం నా వెనకున్న వాళ్ళకి వెళ్ళిపోతుంది. నాకు మళ్ళీ రైలు, పిల్లాడికి సీసా పాలు.

ఎస్‌ఎస్‌డీ అంటే మహా అయితే చూపుడు వేలంత పొడవున్న పలచటి కార్డు. ఒక చివర బంగారు రంగు పళ్ళుంటాయి. వాటిని లాప్‌టాప్ లోపలి సన్నటి గాడిలోకి తోసి, రెండో చివర చిన్న మర బిగిస్తే చాలు. వీడియోల్లో అందరూ నవ్వుతూ అదే చెబుతారు. వాళ్ళ నవ్వులు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మొదటి కార్డు రింగురోడ్డులో షాపతనే బిగించి ఇచ్చాడు. చక్కగా ఇమిడింది. ఇంటికొచ్చి చూస్తే లాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టనే లేదు. మళ్ళీ షాపుకి పరిగెత్తాను.

"గాడి ఒకలాగే ఉంటాది మేడమ్, కార్డులే రెండు రకాలు. ఇది ఎన్‌వీఎంఈ. మీ పాత లాప్‌టాప్ సాటా రకాన్నే తీసుకుంటాది" అన్నాడు తాపీగా.

"ఆ ముక్క బిగించకముందు చెప్పొచ్చు కదండీ!"

"బిగిస్తే కదా మేడమ్ తెలిసేది" అన్నాడు. కార్డు మార్చి ఇచ్చాడు. "ఇది తప్పకుండా పడతాది. షాపు కట్టేసే టైమయిపోయింది, మీరే బిగించేసుకోండి. రేపు ఆదివారం, మాకు సెలవు" అని షట్టరు మీద చెయ్యి వేశాడు.

మా అత్తకి మాత్రం మొదటి కార్డు ఎందుకు పనిచెయ్యలేదో క్షణంలో తెలిసిపోయింది. "బొట్టెట్టకుండా బిగించేసేరు. మరి పలుకుతాదేటి?" అంది. ఆవిడది దేవరాపల్లి వైపు, చెరుకు పండించే ఇల్లు. బెల్లం వండే రోజుల్లో బొట్టు పెట్టనిదే గానుగ మోటారు తిప్పనిచ్చేది కాదట. మా స్కూటీని కూడా నూకాలమ్మ గుడి ముందు నిమ్మకాయలు తొక్కించాకే ఇంటికి తేనిచ్చింది. మా కుక్కరుకీ, మిక్సీకీ ఇప్పటికీ ఆవిడ పెట్టిన బొట్ల మరకలున్నాయి.

ఆదివారం నేను పిల్లాడికి నీళ్ళు పోసి వచ్చేసరికి కార్డు ఇత్తడి పళ్ళెంలో ఉంది. దాని పైన కంపెనీ పేరుతో అంటించి ఉన్న కాగితం మీద తడి పసుపు, దాని మధ్య కుంకుమ. నాకు నవ్వొచ్చింది. కాగితం మీదే కదా, ఏం కాదులే అనుకుని బిగించేశాను.

ఆన్ చేశాను. కార్డు లేనే లేదంది.

తీసి మళ్ళీ పెట్టాను. లేదు. లాప్‌టాప్ మూల సెట్టింగులుండే బయోస్ తెరిచి కనపడిందల్లా మార్చాను. లేదు. పాత డిస్కుతో ఆన్ చేసి, ఆ చుక్కలు తిరుగుతున్నంతసేపూ పళ్ళు నూరుకుంటూ కూర్చుని, ఆ బయోస్‌కే అప్‌డేట్ ఎక్కించాను. అయినా లేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, పాట మీద పాట వినిపించి చివరికి ఒకమ్మాయి, "మీ మోడల్‌కి సపోర్ట్ ఆగిపోయిందండి, కొత్త లాప్‌టాప్ చూసుకోండి" అంది. షాపతను ఫోనెత్తి, "మీ లాప్‌టాప్‌కే ఏదీ పడదేమో మేడమ్" అన్నాడు. ఫార్మా కంపెనీలో డ్యూటీలో ఉన్న మా ఆయన ఫోన్ చేసి, "ఒకసారి రీస్టార్ట్ చేసి సూసేవా?" అన్నాడు. ఆ మనిషి ఎదురుగా లేకపోవడం ఆయన అదృష్టం.

మధ్యాహ్నం దాటింది. ఏడుపొచ్చేసింది. కార్డు మళ్ళీ ఊడదీసి, చెమట చేతుల్ని పిల్లాడి తెల్ల తువ్వాలుకి తుడుచుకున్నాను. తువ్వాలు మీద పసుపు మరక పడింది. కాగితాన్ని నేను ముట్టుకోలేదు. నేను పట్టుకున్నది పళ్ళ వైపు. కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో అటూ ఇటూ వంచి చూశాను. పళ్ళ నిండా పసుపే. ఎండి, సందుల్లో గట్టిపడిపోయి ఉంది. బంగారు రంగు మీద పసుపు ఎలా కనపడుతుంది?

ఆ తువ్వాలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. పొద్దుటి నుంచీ పడ్డదంతా ఆవిడ మీద కక్కేద్దామనే వెళ్ళాను. అత్త తోటకూర బాగు చేస్తోంది. నా మొహం చూసి, నేను నోరు తెరిచేలోపే తనే మొదలెట్టింది.

"ఇంకా పలకలేదేటమ్మా? ఒట్టి బొట్టే కాదు, రెండు సేతుల మద్దిన ఎట్టుకుని గట్టిగా దండవెట్టేను కూడాను. నూకాలమ్మ తల్లీ, నా కోడల్ని మళ్ళీ ఆ రైలెక్కనీకు అని. నువ్వు కడుపుతోటి తలుపు కాడ నిలబడి ఎల్తంటే, నువ్వింటికొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు."

రెండు చేతుల మధ్య. పసుపు చేతుల మధ్య.

కోపం పోయిందంటే అబద్ధం. అలాగే ఉంది. తువ్వాలు మాత్రం మరక లోపలికి పోయేలా మడిచేశాను. "సూస్తున్నానత్తా" అని వచ్చేసి, దూదిని శానిటైజర్‌లో ముంచి ఒక్కొక్క పన్నూ తుడిచాను. ఆరనిచ్చి బిగించాను. తెర మీద కార్డు పేరు కనపడింది. ఆ రాత్రే పాత డిస్కులోదంతా దాని మీదకి ఎక్కించాను.

సోమవారం కాల్‌లో ఆ అమ్మాయి అవి తెరవండి, ఇవి చూపించండి అంటుంటే, అత్త పిల్లాణ్ణి చంకనేసుకుని తలుపు చాటున నిలబడే ఉంది. కాల్ అవగానే, "ఏటన్నారమ్మా?" అంది.

"ఉద్యోగం ఇచ్చేరత్తా. రైలెక్కక్కర్లేదు."

పిల్లాణ్ణి నా చేతిలో పెట్టి ఒక్క ఉరుకున పెరట్లోకి వెళ్ళింది. "నా కోడలికి ఇంట్లోనే ఉజ్జోగమొచ్చిందే! షాపోడి వల్ల కాలేదు, ఫోన్లోవోళ్ళ వల్ల కాలేదు. బొట్టెట్టి దండవెట్టేను, పలికింది!" అని పక్కింటావిడకి గోడ మీంచి చెబుతోంది. ఆవిడ మోచేతి పక్కనే, ఎంత ఉతికినా వదలని ఆ మరకతో, పిల్లాడి తువ్వాలు ఆరుతోంది.

"అంతేనేటమ్మా?" అని పక్కింటావిడ గోడ మీంచి నన్నడిగింది.

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. "అవునండీ, మా అత్త దండం వల్లే" అన్నాను.