బతికిపోయిన నిమ్మకాయలు

డెబ్బై దాటాక నేను పికప్ బండి కంపెనీ మార్చాను. మాది సోమల దగ్గర పల్లె. మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తోలే మా బంధువులందరివీ ఒకే కంపెనీ బండ్లు. నేను వేరేది కొన్నానని తెలిసి, ఇంటిపేరు మార్చుకున్నవాణ్ణి చూసినట్టు చూశారు.

మా అబ్బాయి అయితే, "నాయనా, ఇన్నేండ్ల అలవాటు యాడికి పోతాది? తాళంచెవి నాకియ్యి, డ్రైవర్ని పెడదాం" అన్నాడు.

"నా సేతులు బాగుండంగా డ్రైవరు యాలప్పా?" అన్నాను.

షోరూం వాళ్లు మార్కెట్ యార్డులో తెచ్చి నిలిపిన బండికి మావాళ్లు పూజ చేసి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అందరూ చూస్తుండగా దర్జాగా ఫస్ట్ గేరు వేశాను. పాత బండిలో ఫస్ట్ ఉన్నచోట ఇందులో రివర్సు ఉంది! బండి సర్రున వెనక్కి పోయి, కుప్పానికి తోలాలని వెనక పేర్చిన నా టమోటా బాక్సులనే ఇరవైదాకా తొక్కేసింది.

"మామా, నిమ్మకాయలు బతికిపోయినాయి, టమోటాలు సచ్చినాయి!" అని మా మేనల్లుడు అరిచాడు. యార్డంతా నవ్వింది. అబ్బాయి తాళంచెవికి చెయ్యి చాపాడు.

"నిమ్మకాయలు అందరూ తొక్కుతారు. దిష్టికి టమోటాలు తొక్కినోడు యాడన్నా ఉండాడా?" అంటూ ఆ చేతిని నెట్టేశాను. ఈసారి గేరు చూసి వేసి, నిమ్మకాయలు నలిపి, మిగిలిన బాక్సులు ఎక్కించుకుని ఆగకుండా కుప్పం పోయాను.

ఇరవై అని రాశాను గానీ నలిగినవి రెండు బాక్సులే. ఆగకుండా పోయిందీ లేదు. పుంగనూరులో టీకి ఆగి, గేరు రాడ్డు మీది అంకెల బొమ్మను వేలితో తడుముతూ బట్టీ పట్టాను. తాళంచెవి మాటలో మాత్రం గోరంత కూడా పెంచలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా అది నా జేబులోనే ఉంది.