సొన్నమ్మ నోట మంచిమాట

కుందలహళ్ళిలో సొన్నమ్మ ఇంటి ముందుగది పొద్దున తొమ్మిదయ్యేసరికి సంతగా మారిపోతుంది. ఉద్యోగాలకు పరుగులు తీసే తల్లులు పిల్లల్ని అక్కడ దింపి పోతారు. సాయంత్రం దాకా వాళ్ళకు అన్నం పెట్టడం, నిద్రపుచ్చడం, తగవులు తీర్చడం అన్నీ ఆవిడ పనే. పిల్లలంతా ఆవిడను అవ్వా అని పిలుస్తారు.

ఆ అవ్వకు ఒక పట్టింపు. పిల్లల్ని ఎదురుగా మెచ్చుకోకూడదు, దిష్టి తగులుతుంది! అందుకని ముద్దొచ్చిన కొద్దీ తిట్టేది. సహన కొత్త గౌను వేసుకొస్తే, "థూ, కోతి మాదిరి ఉండావే!" అని బుగ్గ గిల్లేది. ఆ తిట్టు పడితేగానీ సహనకు గౌను వేసుకున్నట్టే ఉండదు. అక్కడ పుట్టి పెరిగిన పిల్ల, అవ్వ తిట్టిందంటే మురిసిపోయిందని దానికి తెలుసు.

గుంటూరు నుంచి వచ్చిన నర్సు కరుణ కూతురు బ్లెస్సీకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? నాలుగేళ్ళ పిల్ల, కొత్తగా చేరింది. ఒక మధ్యాహ్నం పప్పన్నం తింటూ చర్చిలో నేర్చిన పాట ఎత్తుకుంది. గదిలో గోల చప్పున ఆగిపోయింది. సొన్నమ్మకు కళ్ళు చెమర్చాయి. సంతోషం పట్టలేక పిల్ల తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచి, "ఛీ ఛీ, ఏం గొంతే ఇది, కాకి గొంతు!" అనేసింది.

బ్లెస్సీ నోరు మూసుకుంది. మళ్ళీ పాడితే ఒట్టు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున బ్లెస్సీని దింపుతూ కరుణ గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆదివారం చర్చిలో బ్లెస్సీ పాడాలండీ. నాది కాకి గొంతు, పాడనంటే పాడనని ఏడుస్తోంది" అంది.

సొన్నమ్మ నోటిమీద కొట్టుకుంది. "అయ్యో, నా నోరు పడిపోను! దిష్టి తగలకూడదని ఉత్తుత్తికే అంటి గదమ్మా!"

"మీకు ఉత్తుత్తిదేనండీ. దానికి నిజమైపోయింది."

కరుణ వెళ్ళాక సొన్నమ్మ బ్లెస్సీని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మెచ్చుకుందామంటే నాలుక తిరిగితేనా! దొంగతనానికి వచ్చినదానిలా అటూ ఇటూ చూసి, "నీ గొంతు... బాగుండాది" అని గొణిగింది.

"అబద్ధం" అంది బ్లెస్సీ.

"అబద్ధమా? కాకి గొంతంటే ఎట్లుంటాదో చూపిస్తా, ఉండు!" అని సొన్నమ్మ జోలపాట అందుకుంది. రామరామ! పక్కింటి కుక్క మొరిగింది. పిల్లలు పడీపడీ నవ్వారు. బ్లెస్సీ కూడా నవ్వింది.

"ఇది కాకి గొంతు. నీది ఇట్లుండాదా?"

బ్లెస్సీ తల అడ్డంగా ఊపింది. "లేదు."

"గట్టిగా చెప్పప్పా!"

"లేదు! నాది బాగుంటుంది!" అని అరిచి, ఆ ఊపులోనే పాట ఎత్తుకుంది. సొన్నమ్మ ఈసారి మెటికలు విరవలేదు. "బంగారు గొంతు నా తల్లిది!" అని వీధికి వినబడేలా అంది.

పాట అయిపోయాక బ్లెస్సీ ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది. "అవ్వా, నువ్వు కూడా బాగా పాడావు."

పోవే పిచ్చిదానా అనబోయి ఆగింది సొన్నమ్మ. తల్లీ అత్తా మొగుడూ అందరూ దిష్టికి భయపడినవాళ్ళే. అరవై ఏళ్ళ బతుకులో ఆవిడను ఎదురుగా మెచ్చుకున్న మనిషి లేడు.

"ఇంగొక తూరి చెప్పు తల్లీ" అంది.