కిందికి దిగి వినే మనిషి

మా సౌండ్ మాస్టర్ పోయారన్న సంగతి మొన్న ఆదివారం తెలిసింది. ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా ఫంక్షన్‌కి స్టేజీ కొలతలు చూస్తున్నాను. లైటింగ్ అతను ఫోన్ పెట్టేసి, "మేడం, మాస్టర్ ఇక లేరంట," అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎందుకో చెబుతాను.

ఈవెంట్ల పనిలో నాకు ఓనమాలు దిద్దించింది ఆయనే. స్పీకర్లు బిగించగానే అందరూ టీకి పోతే, ఆయన జూబ్లీ హిల్స్ వాలు దిగి రహమత్ నగర్ గల్లీల్లోకి నడిచేవారు. ఆయన ఇల్లూ అక్కడే. పైన నేను పాట పెట్టాలి, కింద ఆయన వినాలి. "జర తగ్గియ్యి బిడ్డా. ఇంకొంచెం. ఆఁ, గిప్పుడు సరే," అని ఫోన్లో చెప్పేవారు. పరీక్షలున్న పిల్లలు, మంచం పట్టినవాళ్లు ఉన్నారేమోనని గడపగడపకీ వెళ్లి అడిగేవారు. పెళ్లివారికి లేని బాధ నీకెందుకయ్యా అని క్లయింట్లు విసుక్కుంటే నవ్వి ఊరుకునేవారు. నాతో మాత్రం, "పైనున్నోళ్లకు పాట, కిందున్నోళ్లకు మోత. మనం రెండూ ఇనాలె," అనేవారు. "ఊరందరికీ మైకు పెడ్తడు, నా ఇంట్ల టీవీకి మాత్రం గొంతు లేదు," అని వాళ్లావిడ దెప్పుతుండేది.

గుండె జబ్బుతో పని మానేశాక, ఆ నడక నాకు అప్పగించారు. రెండు మూడుసార్లు దిగాను. తర్వాత తీరిక లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

పోయిన నెల జూబ్లీ హిల్స్‌లో, సరిగ్గా ఆ వాలు పైన ఒక సంగీత్. ఫోటోల్లో ఈత కొలను పడాలని పెళ్లికూతురి తల్లి స్టేజీని అవతలి గోడకు మార్చమంది. మారిస్తే స్పీకర్లు తిన్నగా వాలు వైపు తిరుగుతాయి. తెలిసే సరేనన్నాను. సాయంత్రం ఏడింటికి మాస్టర్ ఫోన్ చేశారు. ఏమంటారో తెలుసు కాబట్టే ఎత్తలేదు. మర్నాడు చేద్దామనుకున్నాను. చేయలేదు.

పరామర్శకు వెళితే వాళ్లావిడ నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది. ఆ సంగీత్ సాయంత్రం పక్కింట్లో నాలుగు రోజుల పసికందు ఉలిక్కిపడి ఏడుపు ఆపకపోతే, గల్లీవాళ్లు పోలీసులకు చెబుదామన్నారట.

"ఈయననే ఆపిండమ్మా," అంది. "'గది మా బిడ్డ ఫంక్షన్. ఫోన్ ఎత్తుతలేదంటే కిందికి దిగుతున్నట్టే' అన్నడు. గీ వాకిట్ల కుర్చేసుకొని కూసున్నడు. నీకు గూడ ఒకటి ఏయించిండు. పాటలు బందయ్యేదాంక లోపటికి రాలే."

ఆమె లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. కూర్చున్నాను. పైన ఎవరిదో ఫంక్షన్ మొదలైంది. గల్లీలో రేకులు అదురుతున్నాయి. పక్కింటి తల్లి గుమ్మంలోకి వచ్చి ఒకసారి పైకి చూసి, బిడ్డ చెవులకు కొంగు చుట్టి, తలుపేసుకుంది.