జరీనా అక్క ఏరి ఇచ్చిన ఆసనాలు

మొన్న ఆదివారం మా కోడలు పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టి మైదాపిండి బంక ఉడికించింది. మనవరాలిని బడిలో ఏదో అట్టబొమ్మ చేసుకుని రమ్మన్నారట. పిండి చిక్కబడేటప్పుడు ఒక వాసన వస్తుంది. పచ్చివాసన పోయీ పోనట్టు, కాస్త తియ్యగా, అడుగున కాస్త మాడినట్టు. హాల్లో మిషను ముందు కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతున్న నేను సూది గుడ్డకే గుచ్చి వంటింట్లోకి వచ్చేశాను. "ఏందత్తా, మాడిందా?" అని అడిగింది కోడలు. "మాడలేదు లేమ్మా. మైలుతుత్తం ఒక్కటే తక్కువ" అన్నాను. ఆ పిల్లకేం అర్థమవుతుంది! మైలుతుత్తం వేస్తే బంక లేత నీలంగా మారుతుంది, పుస్తకాన్ని పురుగు తినదు. ఆ నీలం గోళ్ళ సందుల్లో ఇరుక్కుని, ఎన్ని సార్లు కడిగినా పోని చేతులు ఒకరివి నాకు తెలుసు. ఉదయగిరి లైబ్రరీలో అటెండరుగా చేసిన జరీనా అక్కవి.

అప్పట్లో మేము ఉదయగిరిలో ఉండేవాళ్ళం. నేను పుట్టింది మర్రిపాడు పక్కన పల్లెలో. ఐదో తరగతితో బడి మానేసి మేకల వెంట పోయాను, పెళ్ళయ్యాక మిషను నేర్చుకున్నాను. మా ఆయన లారీ ఎక్కితే వారానికో పది రోజులకో ఇంటి మొహం చూసేవాడు. పిల్లలిద్దరి చదువూ నా మిషను మీదే నడిచేది. లైబ్రరీ వెనక సందులో మా ఇల్లు. జరీనా అక్క జాకెట్లన్నీ నేనే కుట్టేదాన్ని. ఆమెకు పెళ్ళి కాలేదు. తల్లి పోయినప్పటి నుంచి ఒంటరిగా ఉండేది. లైబ్రరీ తలుపు తీయడం, పేపర్లు పరచడం, చిరిగిన పుస్తకాలకు బంక రాసి బరువు కింద పెట్టడం, అన్నీ ఆమె చేతి మీద జరిగేవి. అన్నేళ్ళు ఆ గోడకు ఆనుకుని కాపురం చేసినా, ఒక్కసారి కూడా నేను లోపలికి పోలేదు. చదువుకున్నోళ్ళు కూర్చునే చోటు మనకెందుకని.

పోవలసి వచ్చింది నడుము వల్ల. ఒక ఎండాకాలం, బడి యూనిఫాంలు కుప్పగా పడున్న రోజుల్లో, మిషను మీద నుంచి లేవబోతే లేవలేకపోయాను. ఆత్మకూరులో డాక్టరు ఫొటో తీయించి చూసి, వెన్నులో ఎముకల మధ్య అరిగిందన్నాడు. "మిషను ఆపెయ్యమ్మా, ఆరు నెలలు చూద్దాం. నొప్పి తగ్గినాక మెల్లగా ఆసనాలేమన్నా చేసుకో" అన్నాడు. బస్సులో తిరిగొస్తూ కిటికీ కడ్డీ పట్టుకుని ఆరు నెలలంటే ఎన్ని జాకెట్లో లెక్క వేసుకున్నాను. ఆరు నెలలు మూతపెట్టిన మిషను దగ్గరికి మళ్ళీ ఎవరు వస్తారు? ఈ లోపల ఇంకో సందులో ఇంకొకామె కుడుతూ ఉంటుంది.

నొప్పి కాస్త సర్దుకున్నాక చెప్పులు బయట విడిచి లైబ్రరీ గడప తొక్కాను. అక్క బల్ల వెనక బంకగిన్నెతో కూర్చుని ఉంది.

"ఏందిమే రవణా, తోవ తప్పి వచ్చినావా?" అంది.

"పుస్తకం గావాలక్కా. ఆసనాలది."

ఎందుకని అడగలేదు. నా నిలబడే తీరు చూస్తే తెలుస్తూనే ఉంది కాబోలు. లోపలికి పోయి మూడు పుస్తకాలు తెచ్చి, బల్ల మీద కాకుండా నేల మీద పెట్టింది. ఒక్కోదాన్నీ మధ్యకు తెరిచి చేతులు తీసేసింది. మొదటిది కొత్తది, నున్నటి కాగితం, రంగు బొమ్మలు. టపీమని మూసుకుపోయింది. రెండోది మెల్లగా మూసుకుంది. మూడోది అట్ట ఊడి, ఆమె బంకతో అతికించిన పాతది. తెరిచిన చోట తెరిచినట్టే పడుకుంది.

"ఇది తీసకపో. నీ చేతులు రెండూ నేల మీదుంటే ఆ పేజీ ఎవురు పట్టుకుంటారు, మీ ఆయనా?" అంది. నేను రంగు బొమ్మల పుస్తకం వైపు చూడటం గమనించి దాన్ని మళ్ళీ తెరిచింది. అందులో ఒకాయన కాళ్ళు రెండూ మెడ వెనక వేసుకుని నవ్వుతున్నాడు. "ఈయన్ని జూసి నువ్వు నేర్చుకునేదేంది? రేత్రికి పీడకల తప్ప" అంది. పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఒకరు తలెత్తి చూస్తే, అక్కే నోటి మీద వేలు పెట్టుకుంది.

ఆ పూట ఆమె చేసిన ఒక పని నాకు ఇంటికి వెళ్ళాక గానీ తెలియలేదు. పుస్తకం చేతిలో పెడుతూ, "కళ్ళద్దాలు ఇంట్లో మరిచొచ్చినా. ఈ పేజీలో ఏం రాసుండాదో ఒకసారి చదువు" అంది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. "మోకాళ్ళు మడిచి... మడమల మీద... కూర్చుని..." ఆమె తొందర పెట్టలేదు. పేజీ అయ్యేసరికి నాకు చెమట పట్టింది. "బాగుండాది. పెద్దచ్చరాలు, నీకు సరిపోతాది" అంది. సాయంత్రం జాకెట్టు కొలతకు మా ఇంటికి వచ్చి ఆమె సంచీ తీస్తే కళ్ళద్దాలు అందులోనే ఉన్నాయి. నాకు చదవడం ఎంతవరకు వచ్చో తెలుసుకోవాలి, అడిగి నన్ను చిన్నబుచ్చకూడదు. అందుకు ఆ అబద్ధం. ఇన్నేళ్ళయినా ఆ అబద్ధం తలుచుకుంటే నాకు ముద్దొస్తుంది.

ఆమె ఆసనాలు మొదలుపెట్టింది తన మోకాళ్ళ కోసం. నమాజులో మోకాళ్ళ మీద కూర్చోలేక, రెండేళ్ళు కుర్చీ వేసుకుని చదువుకుందట. నుదురు నేలకు ఆనక ప్రాణం కొట్టుకుపోయేదట. పుస్తకం చూసి, తనకు తానే రోజూ కాసింత వంచుకుంటూ, ఏడాదికి కుర్చీ తీసి పక్కన పెట్టింది. "మళ్ళా నేల మీద నుదురు బెట్టిన రోజు ఎంత ఏడ్చినానో" అని చెప్పింది. అందుకే ఈ విషయంలో ఆమె మాట నాకు డాక్టరు మాట కంటే ఎక్కువ.

పాట విషయంలో మా ఇద్దరికీ గొడవ. నాకు రేడియో లేకపోతే చెయ్యి ఆడదు. సినిమా పాట పెట్టుకుని ఆసనం వేస్తుంటే అక్క వచ్చి ఆపేసింది. "పాటకు తగ్గట్టు నడుము ఊపుతుండావు మే. ఊపిరి పాట ఎనకాల పరిగెత్తతా ఉండాది. మాటలుండే పాట నీకు పనికిరాదు, నీ నోరు ఊరుకోదు." మరుసటి రోజు తన పాత టేపురికార్డరూ వీణ కేసెట్టూ తెచ్చింది. మాట ఒక్కటి లేదు. మొదట్లో నాకు నిద్ర వచ్చేది. పది రోజులకు ఆ తీగ మోగి ఆగేదాకా ఊపిరి వదలడం అలవాటయింది. ఒక పక్క అయిపోగానే మీట టక్కుమని పైకి లేచేది. అది శవాసనానికి గుర్తు. గడియారం చూసే పనే లేదు.

అంతా బాగానే ఉంది. కానీ పుస్తకంలో బొమ్మ కదలదు కదా. ఒక భంగిమ నుంచి ఇంకోదానికి ఎలా పోవాలో నాకు అంతుబట్టేది కాదు. అక్క కొత్తగా టచ్ ఫోను కొనుక్కుంది. ఆత్మకూరు బస్టాండు దగ్గర సెల్లు కొట్లో మెమరీ కార్డు నిండా నలభై యోగా వీడియోలు ఎక్కించుకొచ్చింది. రెండు వారాలు లైబ్రరీలో తన బల్ల దగ్గర కూర్చుని వాటిని వడబోసింది. సాయంత్రాలు నాకు కబుర్లు. "ఒకాయన పావుగంట సేపు నోరు కదిలిస్తా ఉండాడు, కాలు మాత్రం కదల్లే. తీసేసినా." "ఒక పిల్ల ఉండాది, దానికి ఎముకలు పెట్టడం మరిచిపోయినట్టుండాడు దేవుడు. తీసేసినా." చివరికి ఒక్కటి మిగిలింది. అందులో ఆమె నా వయసుది, కాస్త బొద్దుగా, తలలో నరిసిన వెంట్రుకలు, సముద్రం ఒడ్డున చాప. మెల్లగా, ఓపిగ్గా చేస్తుంది. మాట ఇంగ్లీషు. "మాటెందుకు, చేసేది కండ్లతో సూడు" అంది అక్క. దాన్ని మా ఇంట్లో ఫోనుకు ఎక్కించింది.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి కుడి పక్కకు వాల్చడం, కుడి కాలు ఒక్కటే ఎత్తి నిలపడం, కుడి పక్కకు మెలితిరగడం. ఒక్కోటీ అయ్యాక తెర మీద అలలు వచ్చేవి. ఆమె గొంతు మాత్రం ఏదో చెబుతూ ఉండేది. అలలు వచ్చినంత సేపూ నేను కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో. రెండు నెలలు, ఒక్క రోజు తప్పకుండా చేశాను. మొదట నడుము తేలికై, మిషను కూడా కాస్త కాస్తగా మొదలుపెట్టాను. తర్వాత ఎడమ పక్కన ఒక పోటు మొదలైంది. ఇంకా గట్టిగా చేస్తే పోతుందని ఇంకా గట్టిగా చేశాను. ఒక పొద్దున ఎడమ కాలు తిమ్మిరెక్కి పెడలు మీద నిలవలేదు.

ఆ రోజు మిషనుకు దుప్పటి కప్పేశాను. పుస్తకం, కేసెట్టు, టేపురికార్డరు సంచీలో పెట్టి గోడకు తగిలించాను. వరికుంటపాడు నుంచి ఒకామె పాత మిషను కావాలని అడిగి ఉంది. ఆమెకు కబురు పెడదామని మనసులో నిర్ణయించుకున్నాను. లైబ్రరీ వైపు పోలేదు. అక్క మీద కోపం లేదు, నా మీద సిగ్గు. ఆమె అంత కష్టపడి ఏరి ఇస్తే నా ఒళ్ళు దానికి పనికి రాలేదే అని.

శుక్రవారం లైబ్రరీకి సెలవు. ఆ శుక్రవారం నమాజు కాగానే అక్క మా ఇంటికి వచ్చింది. దుప్పటి కప్పిన మిషను చూసి నిలబడిపోయింది.

"ఇదేంది?"

"అమ్మేస్తుండానక్కా. నా వల్ల గాదు."

"సరే, అమ్ముదువులే. ముందు నువ్వు చేసేది నాకు చూపించు."

వీడియో పెట్టి, చేయగలిగినంత మెల్లగా చేసి చూపించాను. కుడి పక్కకు వాలాను. అలలు వచ్చాయి. కళ్ళు మూసుకున్నాను.

"మే, రెండో పక్క ఏదీ?"

"రెండో పక్క వీడియోలో లేదక్కా. ఇది రెస్టు."

అక్క ఫోను అందుకుని చెవికి ఆనించుకుంది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మూడోసారి విన్నది. ఆమెకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటలూ పుస్తకాల అట్టల మీద చూసి నేర్చుకున్నవే. కానీ ఆ నాలుగూ చాలాయి. మొహం పాలిపోయింది.

"రెస్టు గాదు మే. ఇప్పుడు రెండో పక్క ఇట్టనే చెయ్యండి అని చెప్తా ఉండాది ఆమె. అలలు చూపిస్తా, మాటతో చెప్తా ఉండాది."

నాకు వెంటనే ఎక్కలేదు. రెండు నెలలు ఒక పక్కే మెలేశానన్నమాట. అప్పుడు నాకు నవ్వు వచ్చింది, నిజంగానే. అక్క నవ్వలేదు. లైబ్రరీలో సద్దు చేయకూడదని నలభై వీడియోలూ గొంతు నొక్కేసి చూసింది ఆమె. కూతురు లాంటిదానికి ఒక్కటి ఏరి ఇచ్చాననుకుంది, అందులో మాట ఏముందో వినకుండా. నా పక్కన నేల మీద కూలబడి నా చెయ్యి పట్టుకుంది.

"కొలవకుండా నీ గుడ్డ కోసేసినా రవణా. తప్పు నాదే."

నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. వేల పుస్తకాల మధ్య కూర్చునే మనిషి. ఐదో తరగతి దానితో తప్పు నాదే అనింది. మా ఇంట్లో, మా పుట్టింట్లో, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో ఆ మాట అనగా నేను వినలేదు. "నువ్వేం జేస్తావక్కా" అని నేను గొణిగితే, "నేను చేసిందాన్ని నేనే చేసినా అనేదానికి నువ్వు అడ్డం రావాకు" అని కసిరింది.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. మళ్ళీ డాక్టరు దగ్గరికి ఆమే తీసుకుపోయింది. పదిహేను రోజులు కదలవద్దన్నాడు. ఆ పదిహేను రోజుల్లో ఆమె కొత్త వీడియోలు వెతికింది, ఈసారి తెలుగువి, ఇంటి దగ్గర, గట్టిగా వింటూ. వినడంతో ఆగలేదు. తర్వాతి నెలల్లోనూ ఒక్కోటి ఎనిమిది రోజులు తన ఒంటి మీద చేసి చూసింది. "ఇది నాలుగో రోజుకే మోకాలు కలుక్కుమనింది. నీకొద్దు" అని వచ్చి చెప్పేది, గోడ పట్టుకుని కూర్చుంటూ. నాకు భయం వేసింది.

"నా కోసం నీ మోకాళ్ళు చెడగొట్టుకుంటావా? మళ్ళీ నమాజుకు కుర్చీ ఎక్కుతావక్కా."

"నాకు కుర్చీ ఉండాది మే. నీ మిషనుకు ఏముండాది?"

కొన్నాళ్ళు ఆమె నిజంగానే కుర్చీ వేసుకుంది. తర్వాత నేల మీదికి వచ్చింది. నేను ఆరు నెలలకు మళ్ళీ పెడలు మీద రెండు కాళ్ళూ పెట్టాను. మొదట కుట్టింది ఆమె జాకెట్టే. కూలి ఎంత అని అడిగితే నేను చూసిన చూపుకు నోరు మూసుకుంది.

రిటైరయ్యాక కడపలో చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. ఫోన్లో అప్పుడప్పుడు మాట్లాడేవాళ్ళం. ముందటేడు కబురు వచ్చింది. నిద్రలోనే పోయిందట. మేము ఆత్మకూరు వచ్చేసి చాలా కాలమైంది. ఆఖరి చూపు దక్కలేదు.

ఇప్పుడు మా వీధిలో ఎవరికి మెడ పట్టినా నడుము పట్టినా జాకెట్టు గుడ్డతో పాటు ఫోను కూడా పట్టుకుని వస్తారు. పోయిన సోమవారం ఎదురింటి టీచరమ్మ వచ్చింది. "అమ్మా, ఈ వీడియో లక్షలమంది చూసినారంట, ఇది చెయ్యొచ్చా?" అని అడిగింది. గొంతు పెంచి, రెండుసార్లు మొత్తం విన్నాను. అర్థం కాని మాట ఆమెనే అడిగి తెలుసుకున్నాను. "ఎనిమిది రోజులాగి రా" అన్నాను. ఆమె నవ్వి, "ఈ వయసులో మీరు చేసి చూడటం ఎందుకమ్మా, బాగుందో లేదో చెప్తే చాలదా?" అంది. ఒంటి మీద చేయకుండా ఉత్తగా చూసి చెప్పడానికి నాకు ధైర్యం చాలదు.

ఇవాళ్టికి ఐదో రోజు. కుడి పక్క బాగానే ఉంది. ఎడమ పక్కకు తిరిగినప్పుడు తుంటి దగ్గర కాస్త పడుతోంది. రేపు ఇంకొకసారి మెల్లగా చేసి చూడాలి. మళ్ళీ పడితే, ఇది నీకొద్దమ్మా అని చెప్పేస్తాను.