అదోమాకో తోటకు రెండో సాక్షి

మా కోకో తోటల ఊళ్లో సైకిళ్లు బాగుచేసే బెదియాకో అంత పిరికివాడు సముద్రానికి ఈవల మరొకడు లేడు. ట్యూబులో గాలి బుస్సుమంటే తానే ఉలిక్కిపడేవాడు. పోయిపోయి అలాంటివాణ్ణే, మంచాన పడ్డ అదోమాకో తన ఆఖరి మాటకు సాక్షిగా పిలిపించుకున్నాడు.

అలా నోటితో రాసే వీలునామాను మేం దయ్యపు పంపకం అంటాం. మాలో మగవాడు పోతే ఆస్తి అక్క కొడుకుది. పెళ్లానికి దక్కాలంటే ఊపిరుండగానే సాక్షుల ముందు చెప్పాలి, ఆమె కృతజ్ఞతగా మందు పొయ్యాలి, సాక్షులు తాగాలి. అదోమాకో తన తోట పెళ్లాం సెర్వాదన్నాడు. ఆమె జిన్ను పోసింది. చర్చి ఉపదేశి తాగాడు, బెదియాకో తాగాడు. ఆ వారంలోనే అదోమాకో పోయాడు.

మేనల్లుడు ఫోసు నేరుగా సైకిల్ కొట్టుకు వచ్చాడు. ఆ కొట్టు ఫోసుదే, బెదియాకో అద్దెకుంటున్నాడు. "నీకు చెవుడని ఊరంతా ఎరుగుదురు కదన్నా. నువ్వేం విన్నావులే," అన్నాడు నవ్వుతూ. బెదియాకో తలూపాడు. ఒక్క ఉపదేశి మాట చెల్లదు. పెళ్లైన నాటినుంచీ సెర్వా కలుపు తీసిన తోట ఆ తలూపుతో చేజారినట్టే.

అప్పట్నుంచి బెదియాకో నోట్లో ఏది పెట్టుకున్నా ఆ జిన్నే. మంచినీళ్లు జిన్ను, గంజి జిన్ను. పెళ్లాం మూతి వాసన చూసి చీపురు తీసింది. అతని చెయ్యి నాకిన మేక తూలి గోడకు చేరగిలబడటం నేను చూశాను. నమ్మనివాళ్లు మేకనే అడగండి.

కుటుంబపెద్దలు పట్టపగలు వాకిట్లో కూర్చుని, విన్నావా లేదా అని అడిగారు. లేదనబోయి బెదియాకో నోరు తెరిచాడు. ముందు దగ్గు వచ్చింది, అదోమాకో దగ్గు. తర్వాత అతని గొంతు.

"తోట సెర్వాదిరా. నా మందు మింగావు సరే, నా మాట కూడా మింగుతావా?"

బెదియాకో పెదాలు కదల్లేదు. ఫోసు కుర్చీ దానంతటదే వెనక్కి జరిగింది. సెర్వా తలెత్తకుండానే, "దుప్పటి కప్పుకోవయ్యా, దగ్గు ముదిరింది," అంది మెల్లగా.

అయినా ఫోసు ఒప్పుకోక కోర్టుకెక్కాడు. సెర్వా పెట్టుకున్న పట్నం లాయరు ఇదంతా విని తల పట్టుకున్నాడు. "కోర్టులో చచ్చినవాడి గొంతు పనికిరాదయ్యా. బతికుండగా ఏమన్నాడో నీ గొంతుతో నువ్వు చెప్పాలి," అన్నాడు. బెదియాకో బైబిలు పట్టుకుని గడగడ వణుకుతూ చెప్పాడు. ఎదుటి లాయరు ఎంత గుచ్చినా మాట మార్చలేదు. జడ్జి తోట సెర్వాదని తేల్చాడు. మర్నాడే ఫోసు కొట్లోంచి బెదియాకో పనిముట్లన్నీ వీధిలోకి విసిరేశాడు. ఇప్పుడు బెదియాకో లారీలు ఆగేచోట, ఎండలో పంక్చర్లు వేస్తున్నాడు.

కోర్టు కాగితం వచ్చాక సెర్వా మొదటిసారి తోటకు బయల్దేరింది. బెదియాకో, నేను తోడు వెళ్లాం. గట్టు దగ్గరే ముగ్గురం ఆగిపోయాం. లోపల ఎవరో కోకో కాయలు కొడుతున్నారు. కత్తి దెబ్బ, కాయ పగిలిన చప్పుడు, మళ్లీ కత్తి దెబ్బ. చెట్ల మధ్య మనిషి జాడ లేదు.

బెదియాకో నా చొక్కా పట్టుకుని, పోదాం వదినా, రేపు వద్దాం అని సెర్వాను బతిమాలాడు.

సెర్వా నెత్తిమీది ఉడికించిన పెండలం గిన్నె సర్దుకుంది. "ఆయనే. పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండడు," అని లోపలికి నడిచింది.