సస్పెండైన పెండ్లి పత్రిక

మా బావ బట్టల షాపు రేపో మాపో మూతపడుతుందని నేను ఇంటర్ చదివే రోజుల నుంచీ వింటున్నాను. కరీంనగర్‌లో టవర్ సర్కిల్‌కు పోయే దారిలో ఉంటుంది ఆ షాపు. పైన ఎర్ర బ్యానర్: "షాపు ఖాళీ చేస్తున్నాం. ఆఖరి మూడు రోజులు." ఎండకు రంగు వెలిస్తే బ్యానర్ మార్చేవాడు గానీ మాట మార్చేవాడు కాదు. ఆ ఆఖరి మూడు రోజుల్లోనే కొడుకును పెంచి చదివించాడు, పక్క మడిగె కొని షాపును రెండింతలు చేశాడు, బట్టతల కూడా తెచ్చుకున్నాడు. అలాంటి మనిషి కంప్యూటర్ తెర మీద "ఈ ఆఫర్ ఇంకా పది నిమిషాలే" అన్న మాట చూసి కంగారుపడతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

నేను వెబ్‌సైట్లు తయారుచేస్తాను. ఇంట్లో ముందు గదే నా ఆఫీసు. బడులు, విత్తనాల దుకాణాలు, పంటి డాక్టర్లు నా గిరాకీ. మన ఫొటోలు, రాతలు అందరికీ కనబడాలంటే వాటిని ఎక్కడో ఒక కంపెనీ కంప్యూటర్‌లో పెట్టాలి. దానికి కట్టే కిరాయినే హోస్టింగ్ అంటారు. ఇంతవరకు ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఆ కిరాయి ఎంతన్న దగ్గరే నాకూ లోకానికీ పడదు.

మా అక్క కొడుకు ఉట్నూర్‌లో ఒక సర్కారు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాడు. వాడికి పెద్దపల్లి సంబంధం కుదిరింది. పిల్ల ప్రైవేటు బడిలో లెక్కల టీచర్. లగ్గం పెట్టుకోగానే బావ అక్కను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చి, పెండ్లికి వెబ్‌సైట్ కావాలన్నాడు. ఎదురు షాపాయన బిడ్డ పెండ్లికి ఉన్నదట. దుబాయిలో ఉన్న మనవాళ్లందరూ ఫోన్లలోనే పెండ్లి చూశారట. అంతకన్నా కారణం అక్కర్లేదు. అయితే హోస్టింగ్ మాత్రం తనే చూసుకొచ్చాడు.

"చూడు మర్దలా, నెలకు చాయ్ పైసలు. జాగ అన్‌లిమిటెడ్, చూసేటోళ్లు అన్‌లిమిటెడ్, అన్నీ అన్‌లిమిటెడే. జల్ది చెయ్, టైము అయిపోతుంది."

తెర పైన ఎర్ర అంకెలు వెనక్కి పరుగెడుతున్నాయి. నేను పేజీని మూసి మళ్లీ తెరిచాను. పది నిమిషాలూ నిండుగా మొదటి నుంచి మొదలయ్యాయి. బావ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇంకోసారి చెయ్."

మళ్లీ చేశాను. మళ్లీ పది నిమిషాలు.

"అబ్బ, ఏం తెలివే! నాకిన్నేండ్లు బ్యానర్ ఖర్సు దండుగ."

కోపం రావాల్సిన చోట ఆయనకు గౌరవం పుట్టింది. నేను పట్టు వదలకుండా పేజీ అడుగుకు తీసుకుపోయాను. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో, అన్‌లిమిటెడ్ అంటే మామూలు వాడకం వరకేనని ఉంది. మామూలంటే ఎంతో ఎక్కడా లేదు. చాయ్ పైసల ధర మొదటి కాలానికే, ఆ తర్వాత బిర్యానీ ధర. ఆ చాయ్ ధర కూడా మూడేండ్లది ఒక్కసారే కడితేనట.

"పెండ్లి ఒక్క పూట గద బావా. మూడేండ్ల హోస్టింగ్ ఏం జేస్తవ్?"

"మనుమడు పుడితే ఇరవై ఒకటో దినం ఫంక్షన్‌కు పనికొస్తది."

లగ్గం ఇంకా కాలేదు. బావ మనుమడికి కూడా జాగా బుక్ చేస్తున్నాడు.

కొనే ముందు కంపెనీవాళ్లతో మాట్లాడి చూడటం నాకు అలవాటు. అమ్మేటప్పుడే జవాబు చెప్పనివాడు అమ్మిన తర్వాత అసలే చెప్పడు. ఒకేసారి చాలామంది చూస్తే సైట్ ఆగుతుందా అని వాళ్ల చాట్‌లో అడిగాను. "చాలా మంచి ప్రశ్న! మీకు ఈరోజు ప్రత్యేక తగ్గింపు ఉంది" అని జవాబు వచ్చింది. మళ్లీ అడిగాను. మళ్లీ మంచి ప్రశ్నే అయింది.

"బావా, నువ్వు సగానికి సగం తగ్గింపు అని రాసే చీరకు ముందుగాల రేటు పెంచుతవా, లేదా?"

"పెంచుతా. అది బట్టల యాపారం. గిది టెక్నాలజీ." ఆ తర్వాత కళ్లు చిన్నవి చేసి, "నీకు వేరే కంపెనీల కమీషన్ ఉన్నట్టున్నది" అన్నాడు. అక్క వంటింట్లోంచి కిసుక్కున నవ్వింది. ఆయన కొనేశాడు.

నేను తయారుచేసిన సైట్ చిన్నది. వధూవరుల పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాల్‌కు దారి, నాలుగు ఫొటోలు. ఏ చవక జాగాలోనైనా బతికేంత తేలిక. కానీ బావ పాస్‌వర్డ్ అడిగి తీసుకున్నాడు. కుంటాల జలపాతం దగ్గర డ్రోన్‌తో తీసిన వీడియోలన్నీ, పిల్లాపిల్లడు ఒకరినొకరు చూసుకుంటూ అటూ ఇటూ నడిచినవన్నీ, వీడియోగ్రాఫర్ ఇచ్చిన సైజులోనే ఎక్కించాడు. కింద తన షాపు పట్టుచీరల ఫొటోలు కూడా పెట్టాడు. తర్వాత ఆ లింకును దుబాయి చుట్టాలకు, పొద్దున నడిచేవాళ్ల గ్రూపుకు, జమ్మికుంట పత్తి యాపారుల గ్రూపుకు, షాపుకు ఒక్కసారి వచ్చి జాకెట్ బట్ట కొన్నవాళ్లకు కూడా పంపాడు.

ఊరంతా ఒక్కసారే తెరిచింది. కంపెనీకి మామూలు అంటే ఎంతో అప్పుడు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. అక్క ఫోన్ చేసింది.

"పిలగాన్ని సస్పెండ్ చేసిండ్రటనే!"

"ఎవలు చెప్పిండ్రు?"

"పెండ్లి పత్రికలనే రాసి ఉన్నదట!"

లింకు తెరిచాను. జలపాతమూ లేదు, జంటా లేదు, పట్టుచీరలూ లేవు. తెల్లటి పేజీ మధ్యలో పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు: దిస్ అకౌంట్ హాజ్ బీన్ సస్పెండెడ్. మా హోస్టింగ్ ఖాతాను ఆపేశారని దాని అర్థం. అకౌంట్స్‌లో పనిచేసే పిల్లగాడి పెండ్లి పత్రిక తెరిస్తే ఆ మాట కనబడింది. చుట్టాలను నేను తప్పుపట్టలేను. అకౌంట్, సస్పెండ్ అన్న రెండు మాటలు అర్థమైనవాళ్లు మిగతాది కలుపుకున్నారు. పిల్లగాడికి ఫోన్ కొడితే అందటం లేదు. ఆ రోజు ఆఫీసు పని మీద అడవి ఊళ్లకు పోయాడు, అక్కడ సిగ్నల్ ఉండదు. కానీ చుట్టాల లెక్కలో ఫోన్ అందకపోవడం కూడా ఒక సాక్ష్యమే.

స్కూటీ మీద షాపుకు చేరేసరికి పెద్దపల్లి నుంచి పిల్ల తండ్రి కారు దిగుతున్నాడు. వెంట ఇద్దరు పెద్దమనుషులు. ఆయన రిటైరైన సర్కారు ఉద్యోగి, ఇస్త్రీ నలగని మనిషి. బావకు ఇంకా ఏమీ తెలియదు. గిరాకీకి చీర పరిచి చూపిస్తున్నవాడు వియ్యంకుణ్ని చూసి పొంగిపోయాడు.

"రా బావా, రా! చెప్పకుండ వచ్చినవ్. చాయ్ తెప్పిస్త."

"చాయ్ తర్వాత బావా. పిలగాని సంగతి మాకెందుకు చెప్పలే?"

"ఏం సంగతి?"

"సస్పెండైన సంగతి. నేను ఉద్యోగం జేసినోన్నే. నన్ను రెండుసార్లు జేసిండ్రు. రెండుసార్లు మళ్ల తీసుకున్నరు. సస్పెండైతే మొగోడు చెడిపోడు. కానీ మాకు చెప్పకుండ దాశిండ్రు, అది నా మనసుకు తాకింది."

పెద్దమనుషుల్లో ఒకాయనకు వేరే సందేహం వచ్చింది. "దాశిండ్రని ఎట్లంటవ్? పత్రికలనే ఏసుకున్నరు గద. గంత నిజాయితీ నేనెక్కడ సూడలే."

బావ మొహం అప్పటికి సున్నం కొట్టిన గోడలా ఉంది. నా ఫోన్ తీసుకుని పేజీ చూశాడు. నెమ్మదిగా స్టూలు మీద కూలబడ్డాడు. కొడుకు ఉద్యోగం పోయిందని ఆయన కూడా నమ్మేశాడని నాకప్పుడు అర్థమైంది.

"అన్నా, ఇది పిలగాడు గాదు, సైట్" అన్నాను పిల్ల తండ్రితో. "జాగ ఇచ్చిన కంపెనీ వాళ్లు సైట్‌ను ఆపిండ్రు. బావ సినిమాలంత వీడియోలు పెట్టిండు, మంది ఎక్కువైండ్రు."

"అన్‌లిమిటెడ్ అన్నరు గద!" అని బావ స్టూలు మీంచే అరిచాడు.

పిల్ల తండ్రి నన్ను జాలిగా చూశాడు. "చెల్లే, నువ్వు మీ పిలగాన్ని కాపాడుకుంటున్నవ్. మంచిదే. కానీ అకౌంట్ అని సాఫ్ రాసి ఉన్నది."

కంపెనీ నోటితోనే చెప్పిద్దామని అందరి ముందూ చాట్ తెరిచాను. సైట్ ఎందుకు ఆపారని అడిగాను. "మీ ఆందోళన మాకు ముఖ్యం. మీ ముందు చాలామంది వేచి ఉన్నారు" అని వచ్చింది. పెద్దమనుషులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సర్కారు ఆఫీసుల్లో వాళ్లు జీవితమంతా విన్న మాటే అది. అనుమానం ఇంకా గట్టిపడింది.

చీర పరిపించుకున్న ఆడమనిషి ఇంకా లేవలేదు. చీర సంగతి ఎప్పుడో మరిచిపోయి, ముచ్చట ఎటు తిరుగుతుందో చూస్తోంది. అంతలో పిల్లగాడి నుంచి వీడియో కాల్ వచ్చింది. జీపు అడవి దాటి రోడ్డెక్కి సిగ్నల్ అందుకోగానే ఫోన్‌లో వందల మెసేజులు కుప్పపడ్డాయట. జుట్టునిండా దుమ్ము.

"చిన్నమ్మా, అందరు నాకు ధైర్యం చెప్తున్నరేంది? ఎవలు సచ్చిపోయిండ్రు?"

ఫోన్‌ను వాడి మామ వైపు తిప్పాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "అల్లుడూ, నిజం చెప్పు. సస్పెండైనవా?"

వాడు నోరు తెరిచేలోపే పక్కసీటులోంచి ఒక పెద్దాయన తల తెరలోకి వచ్చింది. వాడి ఆఫీసరు.

"సస్పెండా? ఎవలు జేసిండ్రు? నేనైతే జెయ్యలే. వాడు పెండ్లికి అడిగిన సెలవే నేనింకా మంజూరు జెయ్యలే!"

షాపులో నవ్వు లేచింది. పిల్ల తండ్రి కూడా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వు ఆగాక ఆయన మొదటి మాట: "సార్, ముందు ఆ సెలవు మంజూరు జెయ్యుండ్రి."

ఆ సాయంత్రమే సైట్‌ను వేరే చోటికి మార్చాను. అక్కడ అన్‌లిమిటెడ్ అన్న మాటే లేదు. ఇంత జాగా, ఇంతమంది, వచ్చే ఏడు ఇంత ధర అని తేటగా రాసి ఉంది. చాట్‌లో అడిగితే ఒక మనిషి విసుగ్గానే అయినా సరైన జవాబు చెప్పాడు. ఆ విసుగు నాకు నచ్చింది. వీడియోలను విడిగా, ఊరికే దొరికే చోట పెట్టి, లింకు మాత్రం ఇచ్చాను. బావ పాత కంపెనీని పైసలు వాపస్ అడిగాడు. మామూలుకు మించి వాడినవాళ్లకు వాపస్ ఉండదన్నారు. ఆయన వాళ్లతో ఇంకా కొట్లాడుతూనే ఉన్నాడు.

పెండ్లి బాగా జరిగింది. దుబాయి వాళ్లు తలంబ్రాల దాకా చూశారు. అప్పగింతలప్పుడు వీడియో కాస్త ఆగిందట. ఎట్లాగూ ఏడుపే కదా అని వాళ్లు పట్టించుకోలేదు.

పెండ్లినాడు పిల్లను తయారుచేస్తున్న గదిలోకి పూలు ఇవ్వడానికి పోయాను. జడకు పిన్నులు పెట్టించుకుంటూ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి గుంజింది.

"చిన్నత్తా, ఎవలకన్న చెప్తవా?"

"చెప్ప."

"ఆ పేజీ చూసిన్నాడే అది సైట్‌దని నాకెరికె. మా బడి సైట్ కూడ గట్లనే ఆగుతది."

నేను నోరు తెరిచాను. "మరి మీ బాపుకు చెప్పలేదా?"

"చెప్పబోయిన. అంతల బాపు నా దిక్కు చూసి, 'నీకు వద్దనిపిస్తే ఇప్పుడే ఆపేద్దం, ఎవలేమన్న నేను చూసుకుంట' అన్నడు. బాపు నన్ను గట్ల అడుగుడు గదే మొదటిసారి. సంబంధం కుదిరినప్పుడు అడగలే. లగ్గం పెట్టినప్పుడు అడగలే. జర ఇంకోసారి అడిగించుకుందమని సప్పుడు జెయ్యలే."

"అడిగిండా మళ్ల?"

"కారెక్కెటప్పుడు అడిగిండు. సస్పెండైన సరే, నాకు ఇతనే కావాలె అన్న."

బయట బాజాలు మొదలయ్యాయి. ఎవరో వచ్చి ముహూర్తం దగ్గరపడిందని తొందర పెట్టారు. ఆమె లేచి, కొంగు సర్దుకుని, బుద్ధిగా తల దించుకుని వాళ్ల వెంట నడిచింది.