లేవని ముల్లు

"ముల్లు లేచిందా?"

"లేదండీ. సున్నా మీదే ఉంది."

మీ బాబాయివీ నావీ ఆఖరి మాటలు అవే. రాయవే విజయా, నీ పిన్ని చెప్పింది చెప్పినట్టు రాయి.

ఆయన పటాలం వాళ్ళు జ్ఞాపకాలు పంపమన్నారు. ఇరవై రెండేళ్ళు మంచుకొండల్లో లారీలు బాగుచేశాడు. ఆ సంగతులు ఆయనతోనే పోయాయి. ఆయన కింద నేను చేసిన డ్యూటీ ఇదొక్కటే.

కర్లపాలెం ఇవతల, కాలవ పక్క రోడ్డు. మధ్యాహ్నం పన్నెండుంబావు. రోళ్ళు పగిలే ఎండ. చెట్టు లేదు. కారు ఆగింది. అది ఆగాలనే రేపల్లెలో బయల్దేరాం.

వేడెక్కితే ఆగేది ఆ కారు. చల్లారితే ఏం ఎరగనట్టు స్టార్టయ్యేది. తెనాలి మెకానిక్కు దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్ళాం. రెండుసార్లూ షెడ్డు నీడన పెట్టించి, టిఫిన్ చేసొచ్చి, బండి చల్లారాక తప్పులు పట్టే మిషను తగిలించాడు. అది తప్పేం చూపించలేదు. పెట్రోలు పంపు మార్చాడు.

"ఇంజను తిరుగుడు కనిపెట్టే సెన్సరయ్యా. వేడికి చస్తోంది. వేడి మీదే చూడు," అన్నాడు ఈయన.

"ఇది మీ మిలిటరీ లారీ కాదు బాబాయ్. కంప్యూటర్ బండి." నవ్వాడు. పక్కనోళ్ళూ నవ్వారు. ఆ పూట ఈయన అన్నం ముట్టలేదు.

అందుకే ఈ డ్యూటీ. సామాను: నీళ్ళ డబ్బా, తువ్వాలు. టోపీ పెట్టుకోమన్నా, వినలేదు. నాకు ఆర్డరు: స్టీరింగు దగ్గర కూర్చోవాలి. బానెట్ మీద రెండు దెబ్బలు కొడితే తాళం తిప్పాలి. ఇంజను ఎంత తిరుగుతుందో చూపే ముల్లు మీంచి కళ్ళు తీయకూడదు. అది లేవకపోతే సెన్సరు చచ్చినట్టే.

రెండు దెబ్బలు. తిప్పా. గరగరమంది, ముల్లు లేవలేదు. అడిగాడు, చెప్పా.

వెంటనే మెకానిక్కుకి ఫోను. "నా ముందే చచ్చిందయ్యా. రా, చూద్దువుగాని."

"షెడ్డుకి తీసుకురండి బాబాయ్."

ఆగిన కారు ఎట్టా తెస్తాడ్రా, నీ నోట్లో మన్నుబడ! అదీ రాయి. కొట్టేయకు.

ఫోను సీట్లో పడేశాడు. సెన్సరు మీద నీళ్ళు పోశాడు. బుస్సుమని ఆవిరి. కాసేపు ఆగాడు. రెండు దెబ్బలు. రెండోది మెల్లిగా పడింది. తిప్పా.

ముల్లు లేచింది. ఇంజను అందుకుంది.

"లేచిందండీ! మీరు చెప్పిందే నిజమండీ!"

పలకలేదు. దిగి చూస్తే నేలమీదున్నాడు. చేతిలో డబ్బా. ఊపిరాడుతోంది. బాపట్ల ఆసుపత్రికి అరగంట కూడా పట్టదు. కారు నడుస్తోంది. నాకు నడపడం రాదు. ముల్లు చూడ్డం నేర్పాడు, బండి నడపడం నేర్పలేదు. ఆయన మీదా కోపమే. రాయి.

ఆటో దొరికేసరికి ఒంటిగంట దాటింది. రేపల్లెకి శవాన్నే తెచ్చుకున్నా.

తర్వాత మెకానిక్కు వచ్చి సెన్సరు మార్చాడు. బొటనవేలంత ఉంది. "బాబాయ్ చెప్పిందే కరెక్టు పిన్నీ," అన్నాడు. ఎవరికి చెప్తున్నాడు?

కళ్ళు మూస్తే ఒకటే. ఎత్తిన బానెట్. మనిషి లేకుండా నడుస్తున్న కారు. అందులో ముల్లు, ఒకటి అంకెకి కాస్త కింద, వణుకుతూ.

ఏదీ, చదువు. మెత్తగా చదవకు. నేనన్నట్టే చదువు.